చేపతల్లికి దక్కిన సెలవు

తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15వ తేదీ నుండి జూన్ 14వ తేదీ వరకు, అంటే 61 రోజులపాటు, యంత్రపు పడవలూ మోటారు పడవలూ సముద్రంలో వేటకు వెళ్ళరాదని ప్రభుత్వ నిబంధన. అది చేపలు గుడ్లు పెట్టి సంతతిని వృద్ధి చేసుకొనే కాలం. ఆ రెండు నెలలు తల్లి చేపను వల తాకకుండా ఉంటేనే తక్కిన పది నెలలూ వల నిండుతుందని శాస్త్రజ్ఞులు చెప్పారు, ప్రభుత్వాలు అంగీకరించాయి, మత్స్యకారులు కష్టమైనా పాటిస్తున్నారు. వేట మానిన కాలంలో పడవలమీద వెళ్ళే కుటుంబాలు పస్తులుండకూడదని రాష్ట్ర ప్రభుత్వం కొంత భృతి ఇస్తున్నది. 10,000 రూపాయలుగా ఉన్న ఆ భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచింది. నెల్లూరు సీమలో తుమ్మలపెంట మొదలు కృష్ణపట్నం దాకా ఉన్న పల్లెపాళేలలో ఈ సంగతి తెలియని పసిబిడ్డ ఉండడు.

ఇది మంచి ఏర్పాటు. దీని వెనుక ఒక గొప్ప సత్యం ఉన్నది. ప్రాణిని కని పెంచే కాలంలో తల్లికి విరామం ఇవ్వాలి. ఆ విరామంవల్ల కలిగే నష్టాన్ని ఒక్కరిమీద మోపక సమాజం పంచుకోవాలి. కాని ఇదే తీరంలో ఆ చేపను గంపకెత్తుకొని ఊరూరా తిరిగి అమ్మే స్త్రీ గర్భవతి అయినప్పుడు ఆమెకు ఎన్ని రోజుల సెలవున్నది? రొయ్యల శుద్ధి కర్మాగారాలలో చల్లని నేలమీద గంటల తరబడి నిలబడి తలలు తుంచి, పొట్టు ఒలిచే యువతికి కాన్పు సమీపించినప్పుడు ఆ వేతనం ఎవరిస్తారు? ఉప్పు కొఠారులలో, వరిమళ్ళలో, ఇటుక బట్టీలలో పనిచేసే బాలింత ఎన్నాళ్ళు ఇంటిపట్టున ఉండగలదు? చేపకు తెలియకుండానే చేపకు సెలవు దక్కింది. మనిషికి మాత్రం, చట్టమున్నా, అడిగి సాధించుకోక తప్పడం లేదు.

కుటుంబ సెలవు అంటే కేవలం ప్రసూతి సెలవు మాత్రమే కాదు. బిడ్డ పుట్టినప్పుడు తల్లికీ తండ్రికీ కావలసిన సెలవు, పసిబిడ్డ జబ్బు పడినప్పుడు పక్కన ఉండడానికి సెలవు, ఇంట్లో వృద్ధులు మంచం పట్టినప్పుడు, ఆప్తులు మరణించినప్పుడు వేతనం కోల్పోకుండా పనికి దూరంగా ఉండగల అవకాశం, ఇవన్నీ దానిలో చేరతాయి. వీటన్నిటిలోనూ మొదటిది, ప్రాణంతో ముడిపడినది ప్రసూతి సెలవు. అందుచేత చర్చ దానితోనే మొదలుకావడం సహజం.

ఈ హక్కు ఒక్కనాడు ఊడిపడినది కాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి మహాసభలోనే ప్రసూతి రక్షణపై ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. మన దేశంలో 1928లో బొంబాయి శాసనమండలిలో ఇటువంటి బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దానిని సమర్థించారు. కాన్పుకు ముందు, తరువాత తల్లికి విశ్రాంతి లభించడం జాతి మొత్తానికి మేలు చేసే విషయమని ఆయన వాదించారు. 1929లో బొంబాయిలో చట్టం వచ్చింది. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఆ రోజులలో, 1934 నాటి మద్రాసు ప్రసూతి ప్రయోజన చట్టం కర్మాగారాలలోని స్త్రీలకు కొంత రక్షణ కల్పించింది. 1941లో గనులలో పనిచేసే స్త్రీలకోసం ప్రత్యేక చట్టం చేశారు. అభ్రకపు గనులకు ప్రసిద్ధి పొందిన గూడూరు ప్రాంతంలో అభ్రకాన్ని పొరలుగా చీల్చే పనిలో స్త్రీలు ఎందరో ఉండేవారు కనుక ఆ చట్టం మన సీమకు పరాయిది కాదు. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని 42వ అధికరణం ప్రసూతి సహాయాన్ని రాజ్యం బాధ్యతలలో ఒకటిగా పేర్కొన్నది. 1961లో దేశమంతటికీ ఒకే ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017లో దానిని సవరించి 12 వారాల సెలవును 26 వారాలకు పెంచారు. ఆ చట్టంలోని అంశాలను 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చారు. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చింది.

చట్టం చెప్పేదేమిటో శ్రామికులందరూ తెలిసికొనడం అవసరం. కాన్పు తేదీకి ముందటి 12 నెలలలో కనీసం 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో 26 వారాలు, ఆ పైన 12 వారాలు వేతనంతో కూడిన సెలవు లభించాలి. కాన్పు తరువాత ఆరు వారాలపాటు ఆమెచేత పని చేయించుకొనడమే నేరం. ఆ సెలవులో ఉన్న కాలంలో ఆమెను పనినుండి తొలగించరాదు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశుసంరక్షణ గృహం ఉండాలి. తిరిగి పనిలో చేరిన తల్లికి, బిడ్డకు 15 నెలల వయస్సు వచ్చేవరకు, పాలిచ్చుకొనడానికి రోజుకు రెండుమార్లు విరామం ఇవ్వాలి.

కాగితంమీద చూస్తే ఇంతకన్న కోరదగినది లేదనిపిస్తుంది. చిక్కంతా ఆ 80 రోజులను నిరూపించడంలో ఉన్నది. మేస్త్రీ పిలిస్తే పనికి వెళ్ళి, సాయంకాలం కూలి చేతిలో పెట్టించుకొని ఇంటికి వచ్చే స్త్రీ పేరు ఏ హాజరు పట్టీలో ఉంటుంది? ఆమెకు నియామక పత్రం లేదు. వేతన చీటీ లేదు. గుర్తింపు కార్డు లేదు. ఈరోజు ఒక కాంట్రాక్టరు కింద, వచ్చే నెల మరొకరి కింద ఆమె పనిచేస్తుంది. కర్మాగారం యాజమాన్యాన్ని అడిగితే, ఆమె కాంట్రాక్టరు మనిషి అంటుంది. కాంట్రాక్టరును అడిగితే, ఆమె నిన్న మొన్న వచ్చినది అంటాడు. ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన స్త్రీ తాను 80 రోజులు పనిచేశానని చెప్పడానికి సాక్ష్యం లేక నిలబడిపోతుంది.

ఇక యజమాని ఎవరో తెలియని స్త్రీల సంగతి మరింత దైన్యం. చేపలు అమ్ముకొనే స్త్రీకి, రోజుకొక పొలంలో నాటు వేసే కూలీకి సెలవు ఇచ్చేవారెవరు? వీరికి ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు లభిస్తాయి. ఉద్యోగినికి లభించే 26 వారాల సెలవు 182 రోజులు. ఆ 5,000 రూపాయలను 182 రోజులకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా రావు. ఆ మొత్తంతో తల్లి ఎన్ని రోజులు పనికి వెళ్ళకుండా ఉండగలదో లెక్కలు వచ్చిన ప్రతి విద్యార్థీ చెప్పగలడు. ప్రసూతి సహాయం 6,000 రూపాయలకు తగ్గరాదని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టమే పేర్కొన్నదన్న విషయం ఈ సందర్భంలో గమనార్హం.

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని మనవారు ఊరికే అనలేదు. అయితే అడిగేది ఎవరు అన్నది ముఖ్యం. నెలలు నిండిన ఒంటరి స్త్రీ మేస్త్రీని నిలదీయలేదు. మరునాడు పిలుపు రాదన్న భయం ఆమెను వెనుకకు లాగుతుంది. న్యాయస్థానానికి వెళ్ళే శక్తి, సమయం, ధనం ఆమెకు లేవు. ఆమె తరపున అడగవలసినది కార్మిక సంఘం.

దీనికి నిదర్శనం ఢిల్లీలో జరిగిన ఒక వ్యాజ్యం. ఢిల్లీ నగరపాలక సంస్థలో కందకాలు తవ్వుతూ, రోడ్లు వేస్తూ దినవేతనంపై పనిచేసే స్త్రీలు ఏళ్ళ తరబడి మస్టరు రోలులోనే ఉండిపోయారు. శాశ్వత ఉద్యోగినులకు ఇచ్చే ప్రసూతి సెలవును వీరికి ఇవ్వవలసిన పని లేదని సంస్థ వాదించింది. ఆ స్త్రీలలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఈ వాదాన్ని ఎదుర్కొనగలిగేవారు కారు. వారి పక్షాన మునిసిపల్ కార్మికుల సంఘం పారిశ్రామిక ట్రిబ్యునలుకు వెళ్ళింది. 1996లో అక్కడ గెలిచింది. సంస్థ హైకోర్టుకు, ఆ తరువాత సుప్రీంకోర్టుకు వెళ్ళినా సంఘం వెనుదీయలేదు. 2000 సంవత్సరం మార్చి 8న, అంటే అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు, దినవేతన స్త్రీలకు కూడా ప్రసూతి సెలవు వర్తిస్తుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నేడు దేశంలో ఏ మూల దినకూలీ స్త్రీ ఈ హక్కును కోరినా ఆమె వెనుక ఆ తీర్పు నిలిచి ఉన్నది. ఆ తీర్పు వెనుక ఒక సంఘం పట్టుదల ఉన్నది.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. 26 వారాల వేతనం యజమాని ఇవ్వవలసి వస్తే అతడు స్త్రీలను పనిలోనికే తీసుకొనడు కదా, మేలు చేయబోయి కీడు చేసినట్లు కాదా అని కొందరు ప్రశ్నిస్తారు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. చిన్న కర్మాగారం నడిపేవానికి ఈ భారం నిజంగానే బరువు కావచ్చు. కాని దీనికి పరిష్కారం సెలవును తగ్గించడం కాదు, భారాన్ని పంచడం. ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈ.ఎస్.ఐ., సరిగా ఈ సూత్రంమీదనే నడుస్తున్నది. నెలకు 21,000 రూపాయలలోపు వేతనం పొందే వారి విషయంలో, 2019 జూలై నుండి యజమాని వేతనంలో 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం చెల్లిస్తున్నారు. పనిచేసేది పురుషుడైనా స్త్రీ అయినా యజమాని చెల్లించే శాతం ఒక్కటే. కాన్పు సమయంలో వేతనాన్ని యజమాని కాక బీమా సంస్థ చెల్లిస్తుంది. అప్పుడు స్త్రీని పనిలోనికి తీసుకొన్నందుకు యజమానికి అదనపు భారం ఏమీ ఉండదు. కాంట్రాక్టరు కింద పనిచేసేవారి చందాకు కూడా అసలు యజమానే బాధ్యుడు. కాబట్టి ప్రతి శ్రామికురాలి పేరూ బీమాలో నమోదయ్యేటట్లు చూడడం సంఘం చేయదగిన పనులలో మొట్టమొదటిది. వేట నిషేధ కాలపు భృతిలో ఉన్న న్యాయమే ఇందులోనూ ఉన్నది.

ఇంతవరకు చట్టాన్ని, యజమానులను గురించి చెప్పుకొన్నాము. సంఘాలను గురించి కూడా నిర్మొహమాటంగా కొన్ని మాటలు చెప్పుకొనక తప్పదు. కూలిరేట్లు, బోనసు, పని గంటలు, ఇవి కోరికల పత్రాలలో ముందు వరుసలో ఉంటాయి. ప్రసూతి సెలవు, శిశుసంరక్షణ గృహం చివరి వరుసలో చేరతాయి. బేరసారాలలో మొదట వదులుకొనేవి కూడా అవే. అవి ఆడవారి విషయాలన్న భావన దీనికి మూలం. స్త్రీలు ఎక్కువగా పనిచేసే చోట కూడా సంఘ నాయకత్వంలో వారు తక్కువగా కనిపించడం దీనికి మరొక కారణం. సమావేశాలు రాత్రివేళ పెడితే బిడ్డల తల్లులు ఎలా రాగలరు? తల్లుల కష్టం తెలియని సంఘం తల్లులకోసం ఏమి అడుగుతుంది?

నిజానికి నెల్లూరు సీమకు సంఘటిత శక్తి కొత్త కాదు. కోవూరు ప్రాంతంలోని అలగానిపాడులో 1913 మే 1న జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్య, సంపన్న రైతు కుటుంబంలో పుట్టి కూడా, 1930వ దశకంలో తన ఊరి వ్యవసాయ కూలీలను కూడగట్టి సంఘం నిర్మించారు. ఏ కర్మాగారమూ లేని పల్లెలో, ఒకే యజమాని అంటూ లేని కూలీలకు కూడా సంఘం సాధ్యమేనని అప్పుడే రుజువైనది. 1992లో ఇదే జిల్లాలోని దూబగుంటలో అక్షరాలు దిద్దుకొంటున్న స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. వారిది కార్మిక సంఘం కాదు. కాని కలిసి నిలబడిన స్త్రీల మాటను ప్రభుత్వాలు తోసివేయలేవని వారు నిరూపించారు.

ఇటీవలి ఉదాహరణ అంగన్‌వాడీ ఉద్యోగినుల సమ్మె. 2023 డిసెంబరు 12న మొదలై రాష్ట్రవ్యాప్తంగా 42 రోజులు సాగిన ఆ సమ్మెను మూడు సంఘాలు కలిసి నడిపించాయి. అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించినా వారు చెదరలేదు. గర్భిణులకు, బాలింతలకు పౌష్టికాహారం అందించేది ఈ స్త్రీలే. ఊరి తల్లుల ఆరోగ్యాన్ని కాపాడే వారిని ఉద్యోగులుగా గాక గౌరవ వేతనం పొందే సేవకులుగా లెక్కించడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్నను ఆ సమ్మె సమాజం ముందుంచింది. వేరువేరు జెండాల సంఘాలు ఒక్కటైనప్పుడు ఆ ప్రశ్న ఊరూరా వినిపించింది.

ఇక తండ్రి సంగతి. రాష్ట్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి బిడ్డ పుట్టినప్పుడు 15 రోజుల సెలవు ఉన్నది. ప్రైవేటు కర్మాగారంలోనో, ఓడరేవులో కాంట్రాక్టరు కిందనో పనిచేసే తండ్రికి చట్టం ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. తల్లికి విశ్రాంతి కావాలంటే నీళ్ళు కాచేవారు, పెద్దబిడ్డను చూసుకొనేవారు, ఆసుపత్రికి తీసుకొని వెళ్ళేవారు ఉండాలి. పుట్టింటివారు దగ్గర లేక, బతుకుతెరువుకోసం వలస వచ్చిన కుటుంబాలలో ఆ పని తండ్రి గాక మరెవరు చేస్తారు? చట్టం ఇవ్వనిదానిని ఒప్పందంద్వారా సాధించే వీలు సంఘానికి ఉన్నది. యాజమాన్యంతో కుదిరే వేతన ఒప్పందంలో తండ్రికి పది రోజుల సెలవు చేర్చుమని అడగడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. స్వీడన్ దేశం 1974లోనే శిశుపాలన సెలవును తల్లిదండ్రులిద్దరికీ వర్తింపజేసింది. సంపన్న దేశాలన్నీ ఇలాగే ఉన్నాయని భ్రమపడనక్కరలేదు. మన పిల్లలు ఎందరో చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళే అమెరికాలో 1993 నాటి కేంద్ర చట్టం 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో 12 వారాల సెలవును ఇస్తున్నది. కాని అది వేతనం లేని సెలవు. దేశానికి ధనం ఉన్నంతమాత్రాన శ్రామికునికి సెలవు రాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ తీరంలోని సంఘాలు తలపెట్టవలసిన పనులు అసాధ్యమైనవేమీ కావు. ప్రతి శ్రామికురాలూ తన పని రోజులను ఒక చిన్న పుస్తకంలో రాసుకొని, నెలకొకమారు సంఘం ముద్ర వేయించుకొంటే 80 రోజుల లెక్కకు అది ఒక ఆధారమవుతుంది. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల పరిష్కార సంఘం ఉండాలని, అందులో స్త్రీల సంఖ్య మొత్తం పనివారిలో వారి నిష్పత్తికి తగ్గరాదని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి చెబుతున్నది. ఆ స్థానాలను నింపుకొనడం స్త్రీల చేతిలో, వారిని ప్రోత్సహించడం సంఘం చేతిలో ఉన్నది. ఏడాదికి 240 రోజులు పనిచేస్తేగాని లభించని వేతన సెలవు కొత్త స్మృతుల ప్రకారం 180 రోజుల పనికే లభిస్తుంది. జబ్బుపడిన బిడ్డను చూసుకొనడానికి ఆ సెలవు అక్కరకు వస్తుంది. దీనిని గోడపత్రికమీద రాసి కర్మాగారం గేటు ముందు అతికించడానికి ఎంత ఖర్చవుతుంది? యజమాని లేని చేపలమ్మే స్త్రీలు, నాటు కూలీలు సంఘంగా ఏర్పడి ప్రభుత్వాన్నే తమ యజమానిగా భావించి అడగాలి. అసంఘటిత కార్మికులకు ఆరోగ్య, ప్రసూతి పథకాలను రూపొందించే బాధ్యత కేంద్ర ప్రభుత్వానిదని సామాజిక భద్రతా స్మృతిలోనే ఉన్నది.

సంఘాలు అడగడమే తప్ప ఇవ్వడం తెలియనివని కొందరి అపవాదు. ఆరు నెలలు తల్లిపాలు తాగి పెరిగిన బిడ్డ ఆరోగ్యవంతుడవుతాడు; కాన్పు తరువాత కోలుకొన్న తల్లి పనిలో నైపుణ్యం చూపుతుంది; పని పోతుందన్న భయం లేని స్త్రీ ఏళ్ళ తరబడి ఆ పనిలోనే నిలుస్తుంది. ఈ లాభం యజమానికీ, దేశానికీ చెందుతుంది. కాబట్టి కుటుంబ సెలవును కోరే సంఘం సమాజంనుండి తీసుకొనేదానికన్న సమాజానికి ఇచ్చేదే ఎక్కువ.

నేడు కళాశాలలో చదువుతున్న యువతీయువకులు మరి నాలుగైదేళ్ళలో ఏదో ఒక పనిలో చేరతారు. కొందరు కార్యాలయాలలో, కొందరు ఓడరేవులలో, మరికొందరు దూరదేశాలలో పనిచేస్తారు. నియామక పత్రం చేతికి వచ్చిననాడు అందులో జీతమెంత అన్న గడిని మాత్రమే చూసి సంతకం చేయడం వివేకం కాదు. సెలవుల గడిని కూడా చదవాలి. తన పత్రంలో అది ఉన్నదని తృప్తిపడక, తన పక్కన పనిచేసే పాకీ స్త్రీకి, కాంట్రాక్టు కార్మికునికి అది ఉన్నదో లేదో విచారించాలి. లేకపోతే వారితో కలిసి అడగాలి. ఏడుగురు శ్రామికులు పూనుకొంటే సంఘం నమోదుకు దరఖాస్తు చేయవచ్చునని చట్టం చెబుతున్నది. ఆ ఏడుగురిలో ఒకరుగా నిలవడానికి కావలసినది పెద్ద చదువు కాదు, పక్కవారి కష్టం మనదనుకొనే మనస్సు.